చిల్లున్న ప్రతి అక్షరమూ నేనే

ఫోను తెరిస్తే ఊరందరి గొడవలూ అరచేతిలోకి వచ్చి పడే ఈ కాలం వాళ్ళకి చెప్పినా నమ్మరు గానీ, మేము అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో కాపురం పెట్టిన కొత్తలో మా ఇంటికి ఒకే ఒక్క పత్రిక ఉండేది. అది మా వంటింటి ఫ్రిజ్ తలుపు మీదే పుట్టేది, వారం తిరిగేసరికి ఆ తలుపు మీదే పోయేది. ఇంట్లో అందరూ దాని కోసం ఎగబడేవారు, నేను తప్ప. నాకు చదువు రాదు. మా నాన్న రాజమండ్రి బస్టాండు పక్కన టిఫిన్ హోటలు నడిపేవాడు. బడిగంట కొట్టే వేళా, మొదటి ఇడ్లీ వాయ దిగే వేళా ఒకటే కావడంతో నేను ఇడ్లీల వైపే ఉండిపోయాను. నన్ను ఎవరూ బడి మానిపించలేదు, ఎవరూ పంపించనూ లేదు. దాని గురించి బాధపడ్డానని చెప్తే అబద్ధమే అవుతుంది. బాధపడటానికి కూడా కాస్త కూర్చోవాలి కదా, నాకు కూర్చునే అలవాటు లేదు.

మా ఆయన ఆ ఊళ్ళో ఒక ఇండియన్ రెస్టారెంటులో వంటమాస్టరు. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుని, మిగిలిన గదులు చదువుకునే పిల్లలకి ఇచ్చాం. భోజనం నాది. నాకప్పటికి ముప్పై నిండలేదు కాబట్టి ఆంటీ అనకుండా అందరూ అక్కా అనేవారు (అన్నవాళ్ళకి రెండో గారె దొరికేది). గుంటూరు నుంచి వచ్చిన లాయరు పిల్ల ఒకతి. అక్కడ లా చదివి, ఇక్కడ దాని మీద ఇంకో లా చదువుతోంది. పూర్వం పత్రికల మీద కేసులు పెడితే జడ్జీలు ఏమన్నారో వెతకడమే ఆమె పని. వరంగల్ నుంచి వచ్చిన లెక్కల తమ్ముడు ఒకడు. అతని చదువు మొత్తం చిల్లుల గురించేనని మిగిలినవాళ్ళు ఏడిపిస్తుంటే నేనూ చిల్లుల తమ్ముడు అనేదాన్ని. ఇంకో ఇద్దరు కంప్యూటర్ పిల్లలు. వాళ్ళిద్దరూ ఎప్పుడూ ఒకే మాట అనేవారు, ఒకే కూర అడిగేవారు. అందుకని ఈ కథలో వాళ్ళని విడదీసి చెప్పడం అనవసరం.

పత్రిక లాయరు పిల్లది. ఆదివారం ఉదయం తెల్లకాగితం మీద ముచ్చటైన దస్తూరీతో రెండు వైపులా రాసి, అయస్కాంతం బిళ్ళలు పెట్టి ఫ్రిజ్‌కి అంటించేది. (అప్పట్లో కంప్యూటర్‌లో తెలుగు రాయడం కంప్యూటర్ పిల్లలకే చేతనయ్యేది కాదు.) అంటించిందో లేదో నోట్లో బ్రష్షులతో సహా అందరూ చుట్టూ మూగేవారు. ఒకడు కిసుక్కుమనేవాడు. తర్వాత అందరూ పగలబడి నవ్వేవారు. నేను పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని వాళ్ళ వీపులు చూస్తూ నిలబడేదాన్ని. ఏముందమ్మా అందులో అని అడిగితే, "ఏం లేదక్కా, ఊరికే" అనేవారు.

ఆ "ఊరికే" నన్ను తినేసింది. నలుగురు పెద్ద చదువులవాళ్ళు నా వంటింట్లో, నా ఫ్రిజ్ ముందు నిలబడి, నాకు చెప్పకుండా నవ్వుతుంటే అది ఎవరి గురించి అయి ఉంటుంది? నా ఇంగ్లీషు గురించా? చలికి చీర కింద మా ఆయన ప్యాంటు వేసుకుంటానని కనిపెట్టేశారా? పోయినవారం సాంబారు పల్చనైంది, దాని గురించా? కాలు ఒకచోట నిలిచేది కాదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేదాన్ని. ఫ్రిజ్ తలుపు తెరిచి, ఎందుకు తెరిచానో గుర్తురాక మూసి, మూసిన తలుపు మీద ఆ కాగితం కనపడగానే మళ్ళీ తెరిచేదాన్ని. మా ఆయన్ని చదివి పెట్టమంటే ఆయన ఉల్లిపాయల వాసనతో వచ్చి, కాగితం ముందు నిలబడి, పెదవులు కదపకుండా మొత్తం చదివేసి, తనలో తాను నవ్వుకుని, "పిల్లల గోల పిల్లలది, నీకెందుకే" అని వెళ్ళి పడుకున్నాడు. అప్పటిదాకా నలుగురి మీద ఉన్న అనుమానం అయిదుగురి మీదకి పాకింది.

ఒక ఆదివారం బయట మంచు మోకాలి దాకా పేరుకుని ఎవరూ కదల్లేని పరిస్థితిలో గారెలు వేస్తున్నాను. చిల్లుల తమ్ముడు పొయ్యి పక్కనే చేరి దింపినవి దింపినట్టు తింటున్నాడు. నీ చదువేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పు తమ్ముడూ అన్నాను. చెప్పమని అడిగినవాళ్ళు అతనికి అమెరికాలో అంతవరకూ తగల్లేదనుకుంటాను. గారె గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు.

"అక్కా, గీ గారెను ఎట్లన్న సాగదియ్యి, ఎట్లన్న నలుపు. చింపొద్దు, కొత్తగ అతికించొద్దు, గంతే. గీ చిల్లు మాత్రం పోదు. గందుకే మా లెక్కలల్ల గారె, చాయ్ కప్పు ఒక్కటే. కప్పుకు చెవి ఉంటది గదా, అది గీ చిల్లే."

"మరి ఇడ్లీ?"

"దానికి చిల్లు లేదు. అది వేరే. ఇడ్లీ, బోండా ఒక్కటే."

ఇడ్లీ, బోండా ఒకటే అని మా నాన్న హోటల్లో అని ఉంటే గరిటె తిరగేసి కొట్టేవాడు. అయినా నేను నోరు మూసుకుని వింటున్నాను, ఎందుకంటే తర్వాత అతను చీమ గురించి చెప్పాడు. గారె మీద ఒక చీమ నడుస్తోందనుకోమన్నాడు. దాని కంటికి ఆనినంత మేరా అంతా చదును నేలే. అది గారె మీద ఉందో, ఇడ్లీ మీద ఉందో పైకెగిరి చూడలేదు. చూడలేకపోయినా, తిరుగుతూ తిరుగుతూ కొన్ని మారని గుర్తులు పట్టుకుంటే తను దేని మీద ఉన్నదీ చెప్పేయగలదట. ఆ గుర్తుల గురించే ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో పుస్తకాలు రాస్తున్నారట. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆ చీమని నేనే. ఆ కాగితం మీదికి పైనుంచి చూడలేను గానీ, గుర్తు ఒక్కటి దొరికితే చాలు.

నా పేరు ఎలా ఉంటుందో రాసి చూపించు తమ్ముడూ అన్నాను, ఏమీ ఎరగనట్టు. ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో రాశాడు. మొదటి అక్షరం ర. గుండ్రంగా, మధ్యలో చిల్లుతో, నెత్తిన చిన్న పిలకతో బాగానే ఉంది. ఇదే అక్షరాన్ని ఇంకొకళ్ళు ఇంకో రకంగా రాస్తారా అని అడిగాను. అతని నోట్లో గారె ఉంది, బుర్రలో అతని లెక్కలున్నాయి. "ఎట్ల రాస్తే ఏందక్కా. పొడుగు, పొట్టి, మీది తోక, ఇవేవి లెక్కలకు రావు. చిల్లే లెక్క" అని, పళ్ళెం తీసుకుని పైకి పోయాడు. అద్దం మీద నా పేరు నీళ్ళు కారి కలిసిపోయింది. కలిసిపోతేనేం, గుర్తు దొరికింది.

అందరూ మంచు ఎత్తడానికి బయటికి వెళ్ళే దాకా ఆగి ఫ్రిజ్ ముందు నిలబడ్డాను. మొదటి వరుసలోనే ఉన్నాను. పొట్టిగా, పిలక లేకుండా ఉన్నాను గానీ, చిల్లు ఉంది కదా, నేనే. రెండో వరుసలో ఇంకా ఎక్కువసార్లు ఉన్నాను. కిందికి వెళ్ళేకొద్దీ నేను తప్ప ఇంకెవరూ లేరు. తెలుగు చదవగలిగిన మీకు ఈపాటికి నవ్వొస్తూ ఉంటుంది. సున్నా లేకుండా తెలుగువాళ్ళు ఒక మాట పూర్తి చేయగలరా? ప్రతి సున్నా, ప్రతి ర, మధ్యలో కాస్త ఖాళీ కనిపించిన ప్రతిదీ ఆ రోజు నాకు నేనే. కాగితం తిప్పి చూశాను. వెనకవైపూ నేనే. ఇంతమంది చదువుకున్నవాళ్ళు వారం వారం రెండు వైపులా నా ఒక్కదాని గురించే రాసుకుని నవ్వుతున్నారని తేలిపోయేసరికి, నిజం చెప్పొద్దూ, కోపంతో పాటు నాలో ఇంత సరుకుందా అని కొంచెం ఆశ్చర్యం కూడా వేసింది.

కాగితం పీకి బియ్యం డబ్బాలో దాచేశాను. (పాతవి చిత్తుబుట్టలోంచి ఏరి అప్పటికే అందులో దాచి ఉంచాను, ఎప్పటికైనా సాక్ష్యానికి పనికొస్తాయని.) ఇక శిక్ష. రాసింది ఎవరో తెలుసు గానీ, నవ్వినవాళ్ళలో ఎవరెంత నవ్వారో లెక్క తేలదు కాబట్టి అందరికీ ఉప్మా పెట్టాను. మర్నాడూ ఉప్మా. ఆ తర్వాతా ఉప్మా. జీడిపప్పు వెయ్యలేదు. మా ఆయన ప్లేటు చూసి, నా మొహం చూసి, ఏమీ అడక్కుండా తిని డ్యూటీకి వెళ్ళాడు. పెళ్ళయ్యాక మగవాళ్ళకి కొన్ని విషయాలు చదవకుండానే అర్థమవుతాయి.

లాయరు పిల్ల ఆగలేకపోయింది. పత్రిక ఏమైందక్కా అని వంటింటి గుమ్మంలో నిలబడింది, చేతిలో ఉప్మా ప్లేటుతోనే. వెనకాల మిగతా ముగ్గురూ. నేను స్టవ్ తుడవడం ఆపకుండానే చెప్పాను: ఇకనుంచి నా ఫ్రిజ్ మీద చీటీ ముక్క అంటించాలన్నా ముందు నాకు చదివి వినిపించాలి. నేను సరే అంటేనే పైకి ఎక్కుతుంది. లేకపోతే లేదు.

ఆ పిల్ల కళ్ళు మెరిశాయి. కోపం వస్తుందనుకున్నాను, సంతోషం వచ్చింది. ప్లేటు బల్ల మీద పెట్టేసింది.

"అక్కా, నువ్విప్పుడన్న మాట మీదే నా థీసిస్ అంతా. పూర్వం ఇంగ్లండులో రాజులు ఇదే చేసేవాళ్ళు. ముందు మాకు చూపించి, లైసెన్స్ తీసుకుని, అప్పుడు అచ్చెయ్యండని. పాతకాలం జడ్జీలు కూడా అది తప్పన్నారు. అచ్చు కాకముందు ఆపే హక్కు ఎవ్వరికీ లేదన్నారు."

"అంటే ఏమైనా రాసెయ్యొచ్చా?"

"రాయొచ్చు. కానీ రాశాక అది చెడ్డదైతే రాసినవాడికి శిక్ష పడుతుంది. ఆ రోజుల్లో పత్రికా స్వేచ్ఛ అంటే అంతే. ముందు అడ్డం ఉండదు, తర్వాత దిక్కూ ఉండదు."

"నిజం రాస్తే?"

"నిజమైనా శిక్షేనక్కా. నిజమైతే ఇంకా పెద్ద తప్పనేవాళ్ళు కొందరు, జనం ఇంకా రెచ్చిపోతారని. ఆ తర్వాత మారిందిలే. ఎంత అన్యాయం చూడు."

నాకు అన్యాయమేమీ కనపడలేదు. ఆ జడ్జీలెవరో ఇల్లు నడిపినవాళ్ళలా ఉన్నారు. సాంబారు బాగున్నప్పుడు బాగాలేదంటే ఎవరికి నొప్పి? పల్చనైన రోజు పల్చనైందంటేనే కదా మండేది. అయితే ఆ పిల్ల చెప్పినదాంట్లో నాకు ఒకచోట ముల్లు గుచ్చుకుంది. గుడ్డ పక్కన పడేశాను. అప్పుడు నేనన్న మాట మాత్రం నాకు ఇప్పటికీ ఉన్నదున్నట్టు గుర్తుంది, ఎందుకంటే నా జీవితంలో నేను వాదించిన కేసు అదొక్కటే.

"ముందు ఆపకూడదంటావు. సరే, ఆపను. తర్వాత శిక్షించొచ్చంటావు. రాసిందేమిటో చదవలేనిదాన్ని, ఎవరికని వెయ్యను శిక్ష? అందుకే అందరికీ ఉప్మా పెడుతున్నా. మీ జడ్జీలందరికీ చదువొచ్చు కాబట్టి ఆ మాట అన్నారు. నాలాంటిది జడ్జీ అయితే ముందే అడుగుతుంది, వినిపించమని. అలా వద్దంటే నాకు చదువు చెప్పు. అప్పటిదాకా ఫ్రిజ్ ఖాళీ."

చిల్లుల తమ్ముడు వెనకనుంచి మెల్లగా, "అక్క గెలిచింది, ఒప్పుకో" అన్నాడు. లాయరు పిల్ల తల గోక్కుంది. ఆమె పుస్తకాల్లో ఈ కేసు లేదనుకుంటాను. చివరికి "డీల్" అని చెయ్యి చాపింది. నా చెయ్యి సబ్బునురగతో ఉన్నా పట్టుకుంది.

మొదటి పాఠం రోజున నాకు ర వచ్చు అని గొప్పగా చెప్పి, ఒక పాత కాగితం మీద నేను కనిపించిన చోట్లన్నీ వేలు పెట్టి చూపించాను. ఆ పిల్ల ముందు నవ్వింది, తర్వాత భయపడింది, ఆ తర్వాత ఈ చదువు ఎవరు చెప్పారని అడిగింది. తమ్ముణ్ణి పిలిపించాం. సిగ్గుపడాల్సింది పోయి అతను మురిసిపోయాడు. "అక్క చెప్పింది కరెక్టే గదా. సున్న, ర ఒక్కటే. మా డిపార్ట్‌మెంట్‌ల సగం మందికి ఇది ఎక్కాలంటె సెమిస్టర్ పట్టింది" అన్నాడు. లాయరు పిల్ల చేతిలో ఉన్న తడిగుడ్డ అతని మీదకి విసిరింది. ఆ రోజు నుంచి పాఠాలు జరిగేటప్పుడు అతనికి వంటింట్లోకి ప్రవేశం లేదు.

అన్ని సున్నాలూ నేను కాదని తేలింది. అయితే ఎన్ని నేను? అది తేలేదాకా నాకు స్థిమితం లేదు. అందుకే అంత తొందరగా నేర్చుకున్నానేమో. పప్పు ఉడికేలోపు ఒక గుణింతం, చపాతీ పొంగేలోపు ఒక ఒత్తు. ఇస్త్రీ చేస్తూ, గుడ్డలు మడతపెడుతూ, గొణుక్కుంటూ తిరిగేదాన్ని. మా ఆయన ఏదో మంత్రం పట్టానని రెస్టారెంటులో చెప్పాడట. ఫ్రిజ్ ఖాళీగా ఉండేసరికి ఇంట్లో మాత్రం కొత్త గొడవ మొదలైంది. ఇన్నాళ్ళూ కాగితం మీద దెప్పుకుని నవ్వేసుకున్నవన్నీ ఇప్పుడు మొహం మీదే అనుకోవడం మొదలుపెట్టారు. బాత్‌రూమ్ తలుపు దగ్గర కంప్యూటర్ పిల్లలిద్దరూ మొదటిసారి రెండు వేరే మాటలన్నారు. "తొందరగా నేర్చుకో అక్కా, నీకు దణ్ణం పెడతాం" అని ఇద్దరూ కలిసి వచ్చి అడిగారు. పత్రిక లేకపోతే కొంప ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. అయినా మెత్తబడలేదు.

వాకిట్లో మంచు బురదై, బురద గడ్డి అయ్యే వేళకి నాకు చదవడం వచ్చింది. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం ఒకటి చూసుకుని బియ్యం డబ్బాలోంచి ఆ కాగితాలన్నీ తీశాను. కూర్చున్నాను, అవును, కూర్చునే చదివాను. కూడబలుక్కుంటూ, బియ్యపు పొడి దులుపుకుంటూ, ఒక్క వరుస వదలకుండా. కంప్యూటర్ పిల్లల్లో ఒకడు డ్రైవింగ్ టెస్ట్‌కి వెళ్ళి పోలీసు కారు వెనకాల పార్క్ చేస్తూ దాన్ని గుద్ది, సారీ చెప్పడానికి దిగి ఇంజన్ ఆపడం మర్చిపోయాడట. వేడినీళ్ళు ముందుగా స్నానం చేసినవాడి సొత్తు కాదట. చిల్లుల తమ్ముడి మేజోళ్ళకి ఉన్న చిల్లులు మారని గుర్తులట. లాయరు పిల్ల తన బూట్లు తనే మైక్రోవేవ్‌లో ఆరబెట్టబోయిందని తన గురించి తనే రాసుకుంది. మా ఆయన గురించి కూడా ఉంది, గురకపెడితే పైగదిలో మంచం జరుగుతోందని.

నా గురించి ఒక్క ముక్క లేదు.

మళ్ళీ మొదటినుంచీ చదివాను. చదవడం తప్పుగా వచ్చిందేమో అనుకుని ఒత్తులు వేలితో తడిమి చూశాను. లేదు. ఆ ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా తిరిగేదాన్ని, అందరికీ వండిపెట్టేదాన్ని, వాళ్ళ పత్రికకి కనీసం ఒక సాంబారు వార్తకి కూడా పనికిరాలేదు. నా గురించి రాశారనుకున్నప్పుడు కూడా అంత కోపం రాలేదు. సాయంత్రం లాయరు పిల్ల రాగానే నిలదీశాను. ఆ పిల్ల తడుముకుంది. "నీకు చదవడం రాదు గదక్కా. చదవలేనివాళ్ళ మీద రాసి నవ్వుకోవడం బాగోదని, మేమే ఒక రూల్ పెట్టుకున్నాం" అంది. మంచి పిల్లలే. కానీ ఆ మంచితనం అప్పుడు నాకు ఎంత చేదుగా తగిలిందో. "ఇప్పుడు వచ్చుగా" అన్నాను. కూరగాయలు తరగడం మొదలుపెట్టాను, తరగాల్సిన పని లేకపోయినా.

మర్నాడు పొద్దున్నే ఒక తెల్లకాగితం తీసుకుని నేనే కూర్చున్నాను. ఒక్క వాక్యం. దానికి రెండు వాయల ఇడ్లీ పట్టే సమయం పట్టింది. "తమ్ముడు తాగిన కప్పు కడగడు." అక్షరాలు ఒకటి లావు, ఒకటి సన్నం, చివరిది అంచు దాటి వంగిపోయింది. అయస్కాంతం బిళ్ళలు వెతుకుతుంటే లాయరు పిల్ల దిగి వచ్చి, "ఏదక్కా, అంటించే ముందు ఒకసారి ఇటివ్వు, తప్పులుంటే చూస్తా" అని చెయ్యి చాపింది.

కాగితం వెనక్కి దాచుకున్నాను.

"ముందు అంటిస్తాను. తప్పుంటే తర్వాత శిక్ష వెయ్యి."

ఆ పిల్ల చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. తర్వాత పక్కకి జరిగి దారిచ్చింది.

అందరూ మూగారు. నవ్వారు. ఆ నవ్వు ఎందుకో ఎవరినీ అడగక్కర్లేకపోవడం ఎంత హాయో, పుట్టినప్పటినుంచీ చదువు వచ్చినవాళ్ళకి తెలియదు. తమ్ముడు మాత్రం నవ్వలేదు. మొహం ముడుచుకుని పైకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం నేను అన్నం వార్చి వెనక్కి తిరిగేసరికి నా కాగితం కింద ఇంకో చీటీ ఉంది. చేతులు కొంగుకి తుడుచుకుని దగ్గరికెళ్ళి కూడబలుక్కున్నాను. "అక్క రాసిన వార్తలో నిజం లేదు. అక్క చేసిన పప్పులో ఉప్పు లేదు."

పొయ్యి దగ్గరికి వెళ్ళి గరిటెతో కొంచెం పప్పు అరచేతిలో వేసుకుని నాకాను. నిజమే, ఉప్పు లేదు. ఉప్పు వేసి, కలిపి, మళ్ళీ వచ్చి ఆ చీటీ చదివాను. పప్పు చల్లారిపోతుందని మా ఆయన పిలుస్తున్నా కదల్లేదు. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు రోజూ పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని ప్రపంచమంతా చదివేస్తాను. ఎవరైనా నా వంటకి వంక పెడుతూ ఒక ముక్క రాస్తే చాలు, వాళ్ళని ఫోన్‌లోంచి తీసేస్తాను. ఆ వంటింట్లో ఫ్రిజ్ ముందు నిలబడిన ఆవిడకి ఆ సంగతి చెప్తే అర్థం కాదు. తన పప్పుని తిట్టిన వాక్యాన్ని మొహం వెలిగిపోతూ చదువుకుంటోంది పాపం, చివర చుక్క దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చి.